మూడో పొయ్యి

జూన్ 3

మా ఇంట్లో వాళ్ళ దృష్టిలో నేనొక తాళంచెవుల గుత్తిని. కొత్త బ్లాకుల్లో ఫ్లాట్లన్నిటి తాళాలూ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయని, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఒకటి తీసి చేతిలో పెట్టగలనని, పొగరు కొద్దీ పెట్టడం లేదని వాళ్ళ నమ్మకం. మాట్లాడకపోతే పొగరంటారు. మాట్లాడితే చదువంటారు. ఇవాళ రెండూ కాకుండా మధ్యరకంగా నవ్వి ఊరుకున్నాను. "ఏదో దాస్తోంది" అంది అమ్మ.

సాయంత్రం నేను చెప్పులు విప్పేలోపలే నాన్న ఎవరో పెద్దాయనకి నన్ను చూపించి, "మా అమ్మాయేనండి, ఇళ్ళు ఇచ్చేది" అన్నాడు. తాతయ్య వయసు మనిషి నాకోసం కుర్చీలోంచి లేచాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాన్న మాత్రం ఆ లేవడాన్ని కళ్ళారా చూసుకున్నాడు.

నేను ఇళ్ళు ఇవ్వను. నేను పొయ్యిలు చూస్తాను. ఈ మాట ఇంట్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. కాగితానికైనా ఓపిక ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు లేని కుటుంబానికి ఫ్లాటు, అదీ పథకం. మరి కుటుంబం అంటే ఏమిటి? పెళ్ళా, రక్తమా, ప్రేమా, పోట్లాటా? పెద్దపెద్దవాళ్ళు తేల్చలేని ఈ చిక్కుని మా శాఖ ఒక్క వాక్యంలో తేల్చేసింది: 'ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారందరూ ఒకే కుటుంబం.' కాబట్టి నేను డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో 'సమాజ వికాసంలో గృహవసతి పాత్ర' గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం ఏమిటంటే, ఇంటింటికీ వెళ్ళి వంటగదిలోకి తొంగిచూడటం. 'పొయ్యి వేరు' అన్న గడిలో అవును అనో కాదు అనో రాయడం. పక్క కుటుంబం వాళ్ళ మాట ఒకటి రాసుకుని సంతకం పెట్టడం.

జూన్ 5

బ్యాంకు వెనక సందులో తనిఖీ. మొదటి ఇంట్లో ఆకుపచ్చ పొయ్యి. ఎడమ బర్నరు పక్కన రంగు పెచ్చు లేచి చిలకముక్కులా ఉంది. ముద్దుగా ఉందనుకున్నాను.

అవతలి సందులో ఇంకో ఇల్లు. ఆకుపచ్చ పొయ్యి. చిలకముక్కు.

"ఇది మీదేనా?" అన్నాను.

"మాదేనండి. పెళ్ళప్పటి నుంచీ ఇదే" అంది ఇల్లాలు.

గొట్టం దేనికీ తగిలించి లేదు. మర్యాదగా గోడ మేకుకి వేలాడుతోంది.

"గ్యాసు?"

"అయిపోయిందండి."

"ఎప్పుడు?"

"పెళ్ళప్పుడేనండి."

'పొయ్యి వాడిన గుర్తులు కనిపించవలెను' అని మా సర్క్యులర్‌లో ఉంది. అందుకని టీపొడి నానబెట్టి బర్నరు చుట్టూ పూస్తారు. ఇవాళ పూసింది ఇంకా ఆరలేదు. నా వేలికి అంటింది. 'కాదు' అని రాసి, వేలు ఆవిడ తువ్వాలుకే తుడుచుకుని వచ్చాను.

జూన్ 9

అన్నయ్య దరఖాస్తు పెట్టాడు. నాకు తెలియకుండా. అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందకీ తిరిగి, ఇంటికొచ్చాక ఎటూ కదలడు. ఆలోచన అతనిది కాదని వేరే చెప్పక్కర్లేదు.

"వాళ్ళిద్దరూ వేరుగా వండుకుంటున్నారని రాసెయ్" అంది అమ్మ, నా కంచంలో అన్నం పెడుతూ.

"వండుకుంటున్నారా?"

"వండుకుంటుంటే నిన్నెందుకే అడగడం? ఎవరైనా రాస్తారు."

"ఇల్లొచ్చాక ఏం చేస్తారు?"

"అద్దెకిచ్చుకుంటాం. మనం ఇక్కడే ఉంటాం, కలిసి. నా కొడుకు నన్నొదిలి ఎక్కడికి పోతాడు?"

అన్నయ్య తలూపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో లిఫ్టు కంపెనీ వాళ్ళే చెప్పాలి. నాన్న మజ్జిగ కోసం చూస్తున్నాడు. వదిన నీళ్ళు తాగింది. వదిన రక్తపరీక్షల కేంద్రంలో రక్తం తీస్తుంది. గుచ్చినట్టు తెలియకుండా గుచ్చడం ఆమె వృత్తి. ఇంట్లో మాత్రం ఇన్నాళ్ళూ సూది బయటికి తీయలేదు.

"ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు" అంది అమ్మ. "కట్టక్కర్లేకుండా వస్తుంటే ఒక్క ముక్క రాయడానికి దీనికి చెయ్యి రాదు."

జూన్ 10

వెనక వసారాలో, బట్టలారేసే తీగ కింద, పాత బల్ల మీద పొయ్యి. ఆకుపచ్చది. చిలకముక్కు.

నవ్వాపుకోలేక బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పాను. "ఏడుస్తున్నావా? ఏడవకు, రాసెయ్" అంది అమ్మ తలుపవతల నుంచి.

అది పాత సామాన్ల కొట్టువాడిదట. తనిఖీలకి అద్దెకిస్తాడట. అమ్మ స్వయంగా వెళ్ళి బేరమాడి రిక్షాలో తెచ్చింది. టీ మరకలు ఉచితం.

జూన్ 12

మా పై అధికారిని చాటుగా కామా సారు అంటాం. ఆయన మాటకి గాని ఫైలుకి గాని ఫుల్‌స్టాప్ ఉండదు. మధ్యలో ఆగి కిటికీ వైపు చూస్తాడు. మిగతా వాక్యం అటునుంచి వస్తుందేమోనని మేమూ చూస్తాం.

ఇవాళ అన్నయ్య ఫైలు తెచ్చి నా బల్ల మీదే పెట్టాడు.

"సార్, వీళ్ళు మా అన్నయ్యా వదినా."

"తెలుసు, ఇంటిపేరు చూశాను, కానీ వార్డు మీది, రెండో తనిఖీ ఆవిడ నడుంనొప్పి సెలవులో ఉంది, కాబట్టి,"

"సొంత కుటుంబం దరఖాస్తు మీద సంతకం పెట్టకూడదని రూలుంది కదా."

"ఉంది, కానీ కుటుంబం అంటే,"

"ఒకే పొయ్యి."

"అదీ,"

ఆయన మొహం వెలిగింది. నాకు కాసేపటికి గాని వెలగలేదు. పొయ్యి వేరైతే వాళ్ళు నా కుటుంబం కారు, కాబట్టి నేను 'అవును' అని సంతకం పెట్టొచ్చు. పొయ్యి ఒకటే అయితే వాళ్ళు నా కుటుంబం, కాబట్టి 'కాదు' అని నేను సంతకం పెట్టడానికి లేదు. అంటే నా చేత్తో వాళ్ళకి 'అవును' తప్ప ఇంకో ముక్క రాయడం రూలుకి ఇష్టం లేదు.

"అందుకే మీకిచ్చాను, అంటే, అందుకని కాదు, కానీ,"

ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పొయ్యి.

ఫైలు మీద రాశాను: 'దరఖాస్తుదారు, నేను ఒకే పొయ్యి మీద తింటున్నాము. సంతకానికి నేను అర్హురాలిని కాను.' తిరిగి ఇచ్చేశాను.

జూన్ 13

ఇంట్లో రూలు విడమరిచి చెప్పాను. కంచం ఒక కుటుంబం, గ్లాసు ఒక కుటుంబం అని బల్ల మీద పెట్టి మరీ చూపించాను. నేను ఎవరి పొయ్యి మీద తింటే వాళ్ళ మనిషిని, వాళ్ళకి నా సంతకం చెల్లదు. నాన్న శ్రద్ధగా విని ఆ గ్లాసులో నీళ్ళు పోసుకు తాగాడు.

"సొంత అన్నకి సంతకం పెట్టడానికి అన్నం మెతుకులు అడ్డమా?" అంది అమ్మ.

"అన్నమే అడ్డం."

"కంచే చేను మేసిందంటే విన్నాం. చేను ఎవరిదో కంచె గుర్తుపట్టకపోవడం ఇప్పుడే చూస్తున్నాం."

ఈ మాట నిజంగా బాగుంది. మెచ్చుకుంటే ఇంకో అర్థం తీస్తుందని ఊరుకున్నాను.

రూలు రూలే. వాళ్ళకి ఇల్లొస్తే నాకేం, రాకపోతే నాకేం. నాకేం సంబంధం లేదు.

జూన్ 17

ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. చాలా హాయిగా ఉంది.

జూన్ 18

అంత హాయిగా లేదు.

జూన్ 22

కొట్టువాడు పొయ్యి తీసుకుపోవడానికి రాలేదు. పొద్దున్నే వసారాలోంచి గుడ్డు వేగుతున్న వాసన వచ్చింది.

అమ్మ పొయ్యి అమ్మ ముట్టించాకే వెలగాలి. అమ్మ తీరిగ్గా లేస్తుంది. వదిన డ్యూటీ పొద్దున్నే. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళ దగ్గరికి వదిన కూడా పరగడుపునే వెళ్తుందని, పెళ్ళయినప్పటి నుంచీ అంతేనని, నాకు ఇవాళే తట్టింది. పొయ్యిలు చూడటం నా వృత్తి.

"ఏమిటా వాసన?" అంది అమ్మ లోపల్నుంచి.

"గుడ్డత్తయ్యా."

"ఎవరికి?"

"నాకే."

ఆ ప్రశ్నకి మా ఇంట్లో అలాంటి జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

వదిన ఆ పొయ్యి గొట్టాన్ని నిజంగానే చిన్న సిలిండరుకి తగిలించింది. టీ మరకలన్నీ గీకి కడిగేసింది. వెళ్తూ నాకో గ్లాసుడు టీ ఇచ్చింది. "తీసుకోండి ఆఫీసరమ్మా, లంచం కాదు" అంది. నాకు పొద్దున్నే టీ అలవాటు లేదు. చల్లారిపోతుంది కదా అని తాగాను.

జూన్ 24

టీ.

జూన్ 27

నాన్న ఇప్పుడు రెండు పొయ్యిల పౌరుడు. లోపల భోంచేసి, గాలి కోసమని వసారాలోకి వెళ్తాడు. గాలి పీల్చుకుని మూతి తుడుచుకుంటూ వస్తాడు. "మీ వదిన కూరలో ఉప్పు తక్కువ తల్లీ" అని నాతో రహస్యంగా చెప్పాడు. "రెండుసార్లు తిన్నా తెలియడం లేదు, అంత తక్కువ."

జూలై 2

ఇవాళ అన్నయ్య వసారాలో తిని, "బాగుంది" అన్నాడు. పైకి, అందరికీ వినిపించేట్టు. అలాంటి మాటలు మనసులో అనుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు పాపం.

అమ్మ గరిటె కింద పెట్టింది. "ఏం బాగుందిరా?"

"అంటే, అది కూడా బాగుందమ్మా."

"కూడా అంటే?"

లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. బాగుచేసేవాడు లోపలే ఉన్నాడు.

తర్వాత జరిగినదంతా రాయను. ఉప్పు డబ్బా వచ్చింది, వదిన పుట్టింటివాళ్ళు వచ్చారు (మాటల్లోనే), నేను కూడా వచ్చాను. చివరికి అమ్మ గుమ్మంలోకి వెళ్ళి పక్కవాటా ఆవిడతో, "చూశావా, నా కోడలు వేరు కుంపటి పెట్టింది" అంది.

వదిన వసారాలోంచే, గొంతు పెంచకుండా, "పెట్టింది మీరే అత్తయ్యా. నేను ముట్టించానంతే" అంది.

సూది. ఎవరికీ ఎప్పుడు దిగిందో తెలియలేదు. అమ్మ సాయంత్రం దాకా మోచెయ్యి రుద్దుకుంటూ కూర్చుంది.

జూలై 4

వదిన కొట్టుకి వెళ్ళి ఆ చిలకముక్కు పొయ్యిని కొనేసింది. సందులో వాళ్ళకి ఇప్పుడు తనిఖీ ఎలాగో.

జూలై 8

అన్నయ్య దరఖాస్తు మళ్ళీ వచ్చింది. ఈసారి మొదటి సంతకం వదినది. రెండో తనిఖీ ఆవిడ నడుంనొప్పి ఇంకా తగ్గలేదు. నెలాఖరులోగా తనిఖీ కాకపోతే చెల్లదు. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో పైవాళ్ళకే తెలియదు.

"ఇప్పుడు ఏ పొయ్యి మీద తింటున్నారు?" అని అడిగాడు కామా సారు.

"అమ్మ పొయ్యి మీదే. పొద్దున టీ మాత్రం వదిన ఇస్తుంది."

సారు కుర్చీలో ముందుకి జరిగాడు. టీ అనేది 'వండుకుని తినే' దాంట్లోకి వస్తుందా రాదా? ఇదీ ఇవాళ మా ఆఫీసు చేసిన పని. అకౌంట్సు ఆయన టీ తాగుతాం గాని తినం అన్నాడు. టైపిస్టు బిస్కెట్టు ముంచుకుంటే తిన్నట్టే అంది. మధ్యలో అందరికీ టీ వచ్చింది.

"టీ కాస్తాం, కాయడం వంటే, కాబట్టి," అని తేల్చాడు సారు.

సంతకం పెట్టాలంటే వదిన టీ మానాలి. నాకేం, నాకు టీ అలవాటు లేదు.

జూలై 9

తల పగిలిపోతోంది.

జూలై 11

మధ్యాహ్నం అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతోంది.

"ఏమే, ఆ కాగితం మీద కాదు అని రాసెయ్."

"ఏది కాదు?"

"పొయ్యి వేరు కాదు. ఒకటే. అందరం ఒకటే."

నెల కిందట ఇదే చాప మీద అవును అని రాయమంది. ఆ మాట అనబోయాను.

"అప్పుడు అద్దెకిచ్చుకుందామనుకున్నాను" అంది, నేను అనకముందే. "అది సామాను సర్దుకుంటోందే. నిజంగా వెళ్ళిపోతుంది. వాడు దాని వెనకాల."

"నిజంగా వేరైతే కాదు అని ఎలా రాయను?"

"అబద్ధం అప్పుడు రాయనన్నావు, నిజం ఇప్పుడు రాయొద్దంటున్నాను. రెండింటికీ నాకు తేడా తెలియదు, నువ్వు చదువుకున్నదానివి. వాడు వెళ్తే నేనెవరికి వండాలి? మీ నాన్నకా? ఆయనకి గడ్డి పెట్టినా బాగుందంటాడు. నీకా? నువ్వు పుస్తకం చూస్తూ తింటావు. ఏం తిన్నావో నీకే తెలియదు."

ఏం తిన్నానో నాకు తెలుసు. ఎప్పుడూ చెప్పలేదంతే. ఇవాళా చెప్పలేదు.

జూలై 14

పొయ్యిలో పిల్లి లేవలేదు. నా వరకే. అమ్మ నాన్నకి వండింది, తను తింది, గిన్నెలు కడిగి బోర్లించింది.

"మీ వదిన దగ్గర తిను" అంది.

ఒక్క క్షణం పట్టింది నాకు. వదిన దగ్గర తింటే నేను వదిన కుటుంబం. వదిన కుటుంబానికి నా సంతకం చెల్లదు. నెలాఖరు దాటుతుంది. దరఖాస్తు చచ్చిపోతుంది. కంచం, గ్లాసు పెట్టి నేను నేర్పిన విద్యే. అమ్మ అంత బాగా వింటోందని నాకు తెలియదు. మా శాఖలో ఉండాల్సిన మనిషి.

ఆఫీసు క్యాంటీన్‌లో తిన్నాను.

జూలై 15

"హోటల్లో తింటే ఎవరి కుటుంబం సార్?"

కామా సారు చాలాసేపు కిటికీ చూశాడు. "అప్పుడు హోటల్లో తినేవాళ్ళంతా ఒకే కుటుంబం అవుతారు, చాలా పెద్ద కుటుంబం, ఫ్లాటు చాలదు, కాబట్టి, పైకి రాయాలి,"

పైకి రాస్తే జవాబు వచ్చేసరికి నా మనవలు పొయ్యిలు పెట్టుకుంటారు.

జూలై 17

వదినతో మాట్లాడాను. ఆమె పొయ్యి తుడుస్తోంది. చిలకముక్కు చుట్టూ జాగ్రత్తగా, అది నిజంగా పిట్ట అయినట్టు.

"నువ్వు నన్నేమీ అడగవేం వదినా?"

"ఏం అడగను? రక్తం తీసేటప్పుడు చెయ్యి కదపొద్దని చెప్తాం. నీ చెయ్యి నేనెందుకు కదుపుతాను?" బట్ట పిండి ఆరేసింది. "నా వసారాలోకి ఆఫీసరుగా వస్తే పొయ్యి చూపిస్తా, ఆడపడుచుగా వస్తే టీ ఇస్తా. రెండూ ఒకేసారి కుదరవని మీ రూలే కదా."

"ఇల్లొస్తే నిజంగా వెళ్తావా?"

"పొద్దున లేచి దీపం వేసుకోవడానికి కూడా ఎవరైనా లేచారా అని చూసుకుంటున్నాను, ఇన్నేళ్ళుగా. వెళ్తాను."

అన్నయ్య స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చుకుంటున్నాడు. "నువ్వేమంటావన్నయ్యా?" అని అడిగాను. "పైన బటన్ నొక్కారు, కింద బటన్ నొక్కారు. ముందు నొక్కినవాళ్ళ దగ్గరికి వెళ్తుందమ్మా బండి" అన్నాడు. జోకేశాడో బాధపడ్డాడో.

"ముందు నొక్కింది ఎవరు?"

"అమ్మే. ఆ పొయ్యి తెచ్చింది కదా."

జూలై 19

పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను.

"అద్దెకా, కొనడానికా? తనిఖీ ఎప్పుడు మేడం?" అన్నాడు కొట్టువాడు, అలవాటుగా.

"తనిఖీ నేనే."

అతను కొట్టు మూసేయబోయాడు. కేసు రాయడానికి రాలేదని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. ఒంటి బర్నరు పొయ్యి ఒకటి దొరికింది. ఒక కాలు లేదు. అద్దెకే తీసుకున్నాను, చిన్న సిలిండరుతో సహా. సంతకం అయ్యేదాకానే.

ముందుగదిలో కిటికీ కింద పెట్టాను. కాలు లేని చోట మా సర్క్యులర్ మడిచి పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఉద్యోగంలో చేరాక ఆ కాగితం ఒక బరువు మోయడం ఇదే మొదటిసారి.

రెండు గదులు, ఒక వసారా, మూడు పొయ్యిలు. ఇంటివాడు చూస్తే మూడు అద్దెలు అడుగుతాడు.

అమ్మ వచ్చి చూసింది. పొయ్యిని చూసింది, నన్ను చూసింది, వెళ్ళిపోయింది.

జూలై 20

అన్నం మాడింది. "మాడు వాసన" అంది అమ్మ గోడ అవతల నుంచి. వారం రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

జూలై 21

అడుగు మాడింది, పైన పలుకు. నాన్న ముందుగదిలోకి గాలి కోసం వచ్చాడు. ఒక ముద్ద తిని, గాలి చాలని వెళ్ళిపోయాడు.

జూలై 23

ఇవాళ మాడలేదు. పుస్తకం పక్కన పెట్టి తిన్నాను. ఇదంతా సంతకం కోసమే.

జూలై 25

"పెళ్ళికాని ఆడపిల్ల ఒక్కతే పొయ్యి పెట్టుకుంటే, అది కుటుంబమా కాదా, రూల్లో లేదే," అన్నాడు కామా సారు.

"లేదు కాబట్టి అడ్డమూ లేదు సార్."

ఆయన వాక్యాన్ని నేను పూర్తిచేయడం ఆయనకి నచ్చలేదు. కానీ ఫైలు ఇచ్చాడు.

జూలై 28

తనిఖీ చేశాను.

గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, ముందు గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, ఇల్లు చుట్టి, వెనక వసారా చెక్కతలుపు తట్టాను. అమ్మ చేతులు కట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. పక్క కుటుంబం అంటే అమ్మే మరి.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం" అంది వదిన.

"పొయ్యి మీదేనా?"

"నాదే. కొన్నాను."

పొయ్యి వెలిగించి చూపించింది. వెలిగింది. నేను అమ్మ వైపు తిరిగాను. "పక్క కుటుంబం తరఫున మీరు చెప్పండి."

"నన్ను మీరంటున్నావా?"

"ఆఫీసు భాష."

అమ్మ సిద్ధంగానే వచ్చింది. నాన్నకి అప్పజెప్పి కూడా ఉంటుంది. "మేమంతా ఒకటే కుటుంబం. ఒకటే వంట. పొద్దునా సాయంత్రం అందరికీ నేనే వండుతాను. రాసుకో."

అన్నయ్య పైకప్పు చూస్తున్నాడు. నేను ఆ ముక్కంతా రాసుకున్నాను. తర్వాత పొయ్యి మీదున్న గిన్నె మూత తీశాను.

"అయితే ఈ కూర మీరు వండిందేనాండీ?"

అమ్మ తొంగిచూసింది. చూడకుండా ఉండాల్సింది. "ఇదా?"

"మీ వంటే అన్నారు కదా. అలాగే రాస్తాను."

"ఆగు. ఆ ముక్కలు చూడు. కొన్ని ఉడికాయి, కొన్ని ఇంకా ఆలోచించుకుంటున్నాయి. నీళ్ళల్లో ఈదుతున్నాయి. దీన్ని నేను వండానని సర్కారు కాగితం మీద రాస్తావా? నా జన్మలో నా పొయ్యి మీద ఇలాంటి కూర దిగలేదు. నా పొయ్యి వేరు, దాని," అని ఆగింది.

కామా సారు కూడా అంత బాగా ఆగలేడు.

వదిన అటు తిరిగి, తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది. నవ్విందో లేదో వీపు చెప్పలేదు. నేను కావాలనే మూత తీశాను. అమ్మకి తెలుసు. నన్ను చూసిన చూపులో ఈసారి ఏ పొరపాటూ లేదు. మొట్టమొదటిసారి నన్ను సరిగ్గా అర్థం చేసుకుంది.

'పక్క కుటుంబం వాంగ్మూలం: నా పొయ్యి వేరు.' అమ్మ సంతకం అడగలేదు, అవసరం లేదు.

'పొయ్యి వేరు: అవును.' కింద నా సంతకం.

జూలై 30

కామా సారు ఫైలు మీద 'ఆమోదించడమైనది,' అని రాశాడు. కామాతో సహా పైకి వెళ్ళింది.

జూలై 31

నెలాఖరు లెక్క చూపాలని పైవాళ్ళు ఒక్క రోజులో తేల్చేశారు. ఫ్లాటు తాళంచెవి తీసుకోమని వదినకి కాగితం వచ్చింది. నాన్న పక్కవాటా ఆవిడతో, "మా అమ్మాయే ఇచ్చింది" అన్నాడు. చెప్పి లాభం లేదు.

సాయంత్రం అమ్మ ముందుగదిలోకి వచ్చింది. కంచంలో అన్నం, కూర. కింద పెట్టింది. "అయిందిగా నీ సంతకం. ఆ కుంటి పొయ్యి వాడికిచ్చేసి రా. తిను."

తిన్నాను. పుస్తకం తీయలేదు. కూర బాగుందని పైకి చెప్పాను. అమ్మ కంచం తీసుకుని, "ఉప్పు ఎక్కువైంది, నాకు తెలుసు" అని వెళ్ళిపోయింది. ఉప్పు సరిగ్గా ఉంది.

తర్వాత కొట్టుకి వెళ్ళాను. పొయ్యి తిరిగి ఇవ్వలేదు. కొనేశాను. వస్తూ బ్యాంకు వెనక సందులో అద్దెకి గది చూశాను. కిటికీ చిన్నది, పొయ్యి పడుతుంది. ఆదివారం వెళ్తున్నాను.